బడిలో పళ్ళ తనిఖీ

నా పళ్ళు ఇప్పుడు నా నోట్లో ఉండవు. రాత్రంతా కిటికీ దగ్గర గాజు గ్లాసులో నీళ్ళలో ఉంటాయి. పొద్దున లేచి వాటిని కడిగి, రెండు వరసలూ నోట్లో బిగించుకున్నాకే నాకు మాట వస్తుంది. అంతవరకూ ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకుంటాను. ఒకప్పుడు ఒక బడి పిల్లలందరి పళ్ళకూ తీర్పు చెప్పినవాణ్ణి నేనేనంటే మా మనవరాలు నమ్మదు. ఒకసారి నన్నూ ఒకసారి గ్లాసునూ చూసి, నవ్వు ఆపుకుంటూ లోపలికి పోతుంది.

మాది జమ్మలమడుగు. మా నాయన పురోహితుడు. నోరు శుభ్రం కాకుండా మా ఇంట్లో మాటే లేదు. తెల్లవారగానే అరుగు మీద వరసగా కూర్చుని వేపపుల్లలు నమిలేవాళ్ళం. నమలడం అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత ఉప్పు, మెత్తటి బొగ్గుపొడి. పుక్కిలించడానికీ తాగడానికీ పెన్నలో చెలమ తవ్వి కడవలతో తెచ్చిన నీళ్ళు. మా ఇంట్లో అందరి పళ్ళూ తళతళలాడేవి. అదంతా మా క్రమశిక్షణ ఫలితమని మా నాయన చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ణి. పదహారేళ్ళకే నాకు నా పళ్ళంటే ఎంత మోజంటే, అద్దంలో ముఖం చూసుకోవడం మానేసి పళ్ళు చూసుకునేవాణ్ణి. టీచరు ట్రైనింగులో తీయించుకున్న గ్రూపు ఫోటో ఇంకా ఉంది. అందరూ నోళ్ళు బిగించుకుని గంభీరంగా ఉంటే నేనొక్కణ్ణే పళ్ళు బయటపెట్టుకుని ఉన్నాను. ఏమైందని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఎండ కళ్ళలో పడిందని చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. పులివెందులలో బస్సెక్కి వేముల దారిలో దిగి, అక్కణ్ణుంచి రెండు మైళ్ళు నడిస్తే ఊరు. బడికి నేనొక్కణ్ణే అయ్యవారిని. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే వసారాలో. ఊరు మెట్ట. కొర్రలూ జొన్నలూ బుడ్డలూ పండుతాయి. బుడ్డలంటే వేరుశనగకాయలు. ఊరందరికీ తాగడానికి ఒకటే బావి. చేద వేస్తే ఎంతకీ అడుగు తగలనంత లోతు. ఆ నీళ్ళు చల్లగా, తియ్యగా ఉండేవి. వెళ్ళిన వారానికే మా నాయనకు కార్డు రాశాను, ఇక్కడి నీళ్ళు కొబ్బరినీళ్ళలాగా ఉన్నాయని. ఆ కార్డు మా నాయన చూరులో దాచి పెట్టాడు. అది తర్వాత నా చేతికే వచ్చింది, చదువుకుని సిగ్గుపడడానికి.

బడిలో మొదటి రోజు పిల్లల చేత దండం పెట్టించి, పద్యం పాడమన్నాను. నోళ్ళు తెరిచారు. ఒకరి పళ్ళు పసుపు, ఒకరివి గోధుమరంగు, మరొకరి పళ్ళ మీద అడ్డంగా తుప్పు చారలు. సుద్దముక్కతో గీసినట్టు తెల్లమచ్చలున్నవి కొన్ని. చదువు సంగతి తర్వాత, ముందు వీళ్ళ నోళ్ళు బాగుచేయాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవాళ్ళు కూడా అంత ఆవేశపడి ఉండరు.

అలా మొదలైంది పళ్ళ తనిఖీ. ప్రార్థన కాగానే పిల్లలంతా వరసగా నిలబడాలి. నేను బెత్తం చంకలో పెట్టుకుని ముందు నుంచి వస్తాను. "ఈ అను" అంటే "ఈ" అనాలి. తెల్లగా ఉంటే లోపలికి. లేకుంటే గోడ వారకు. గోడ దగ్గర ఎండలో నిలబడి, నేను తయారుచేయించిన పళ్ళపొడితో నేను చాలనేదాకా తోముకోవాలి. ఆ పొడి నా సొంత తెలివి. ఉప్పు, బొగ్గు, వాటికి తోడు బాగా నూరిన ఇటుక పొడి. మా నాయన వాడని ఇటుకను నేనే కలిపాను, మురికి మొండిది కాబట్టి మందు కూడా మొండిగా ఉండాలని. పిల్లలకు ఆదర్శంగా ఉండాలని ప్రతిరోజూ వాళ్ళ ఎదురుగా నేనూ దాంతోనే కసాకసా తోముకునేవాణ్ణి.

నాలుగైదేళ్ళ తర్వాత బడిలో ఒక్క పిల్లవాడు తెల్లటి పళ్ళతో కనిపించాడు. వాడు ఊళ్ళో అంగడి నడిపే శెట్టిగారి మనవడు, అప్పుడే ప్రొద్దుటూరు నుంచి వచ్చి తాత దగ్గర చేరాడు. వాణ్ణి ముందుకు పిలిచి, అందరికీ చూపించి, "పళ్ళు ఎట్లా తోముకుంటావో వీళ్ళకు చెప్పు" అన్నాను.

వాడు బిక్కమొగం వేసుకుని, "నేను తోముకోను సామీ. మరిచిపోతా" అన్నాడు.

అది వాడి వినయం అనుకున్నాను. వాణ్ణి పళ్ళ లీడరును చేశాను. నేను మేధావిననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ బడిలో నాకు బాగా గుర్తున్నది ఒక పిల్ల. ఊరి చివర బుడ్డల చేను ఉన్న రైతు కూతురు. ఒకటో తరగతిలో చేరినప్పుడు ఊరికే నవ్వేది. పలక కింద పడినా నవ్వే, కాకి అరిచినా నవ్వే. చదువులో చురుకు. మూడో తరగతికి వచ్చేసరికి పాఠం చదివితే దారిన పోయేవాళ్ళు బండి ఆపి వినేవారు. ఆ పిల్ల ముందు పళ్ళు రెండూ ముదురు గోధుమరంగు. ఒకటో తరగతిలో పాలపళ్ళు ఊడి అవి వచ్చిన నాటి నుంచీ రోజూ గోడ వారకు పోవలసిందే. ఎంత తోమినా అంతే. నాకది మొండితనంగా కనిపించింది. ఇంత తెలివైన పిల్ల నోరు శుభ్రం చేసుకోలేదా అని కోపం. మెల్లగా ఆ పిల్ల నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. "చెయ్యి తియ్యి" అని గద్దించేవాణ్ణి. తర్వాత చదివేటప్పుడు పుస్తకం ముక్కు దాకా ఎత్తి పట్టుకోవడం నేర్చుకుంది. "పుస్తకం దించి ముఖం కనపడేట్టు చదువు" అనేవాణ్ణి.

ఆ రోజుల్లోనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. నేనేమీ తక్కువ తినలేదు. పళ్ళ మీద స్వయంగా పాట కట్టి పిల్లల చేత కంఠస్థం చేయించాను. "మాసిన పళ్ళు మనిషికి సిగ్గు, మల్లెల పళ్ళు మనిషికి ముద్దు" అని పల్లవి. ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీలో కూర్చోగానే పిల్లలంతా ఆయన ముఖంలోకి చూస్తూ గొంతులు చించుకున్నారు. ఆయన జేబులోంచి రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తనిఖీ అయ్యేదాకా ఆ రుమాలు తీయలేదు. అడిగినవన్నీ రుమాలు వెనక నుంచే అడిగాడు. పాపం పడిశం పట్టిందనుకుని మా ఇంటికి కబురుపెట్టి మిరియాల పాలు తెప్పించాను.

ఆయన గోడ వైపు తిరిగి పాలు తాగి వెళ్ళిపోయాడు. మా ఆవిడ గ్లాసు తీసుకుంటూ, "మీ కండ్లు యాడ పెట్టినారు? ఆయన పండ్లు గూడా ఈ ఊరి పండ్లే. ఆ పక్క ఊరాయనంట" అంది. పరుగెత్తి వెళ్ళి రిజిస్టరు చూశాను. "పిల్లల చదువు బాగుంది. పాటలు తగ్గించవలెను" అని రాసి ఉంది. అంత చదువుకున్న ఇన్‌స్పెక్టరుకు కూడా పళ్ళు తోముకునే తీరిక లేదా అని ఆశ్చర్యపోయాను తప్ప, బుర్రలో ఇంకేమీ వెలగలేదు.

ఆ పిల్ల ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు గోడ దగ్గర నుంచి వచ్చి పాఠం చదువుతోంది. పుస్తకం దించమన్నాను. దించింది. పెదవి మీద నెత్తురు. పుస్తకం పేజీ మీద కూడా ఒక బొట్టు పడింది. చిగుళ్ళు గీరుకుపోయాయి. నేను "పోయి పుక్కిలించుకునిరా" అన్నాను, అంతే. పుక్కిలించుకోవడానికి పోయిన పిల్ల అటు నుంచి అటే ఇంటికి పోయింది. మరునాడు రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు.

వాళ్ళ నాన్న వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని వసారా కింద నిలబడ్డాడు.

"మా పాప బడికి రాదంట సామీ. పండ్లు చూపమంటారని పొద్దన్నే కడుపునొప్పంటాది. మేము తోముకోకనా? నా పండ్లు చూడు. మా నాయనవి గూడా ఇట్లే ఉండె. ఈ ఊర్లో పుట్టినోళ్ళందరికీ ఇంతే. యాడ పోతాది ఇది?"

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ ముఖం చెల్లదు. అయినా రాస్తున్నాను. "తరతరాలుగా తోముకోకపోతే ఇట్లాగే అవుతుంది" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా అమ్మాయి గురించి చెప్పాలి. నేను ఆ ఊరు వెళ్ళిన రెండో ఏడు పుట్టింది. పుట్టింది ప్రొద్దుటూరులో, వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో. మూడో నెలకే మా దగ్గరికి తెచ్చుకున్నాం. దాని పాలపళ్ళు బియ్యపు గింజల్లా తెల్లగా ఉండేవి. మా వంశం పళ్ళు అని అందరికీ చూపించుకునేవాణ్ణి. ఐదేళ్ళు నిండగానే బడిలో చేర్చి వరసలో అందరికంటే ముందు నిలబెట్టాను. "ఇదీ పద్ధతి" అని రోజూ దాని గడ్డం పట్టుకుని అందరికీ చూపించేవాణ్ణి. ఊరి పిల్లలు దాన్ని ఎంత తిట్టుకుని ఉంటారో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఏడో ఏట ముందు పళ్ళు ఊడాయి. మా ఆవిడ వాటిని పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరించింది, కొత్త పళ్ళు చక్కగా రావాలని. కొత్త పళ్ళు వచ్చాయి. మొదట సుద్ద రాసినట్టు మచ్చలు కనిపించాయి. వచ్చే పన్ను అట్లాగే ఉంటుందిలే అనుకున్నాం. కొన్ని నెలలకు ఆ మచ్చలు పసుపయ్యాయి, పసుపు ముదిరింది. ఆ రైతు వచ్చి వెళ్ళిన నెలలోపలే, ఒకరోజు వరసలో మా అమ్మాయి ముందు నిలబడి "ఈ అను" అన్నాను. అది అనలేదు. పెదవులు గట్టిగా బిగించుకుంది. వరసంతా తొంగి చూస్తోంది.

"అను" అన్నాను.

"ఈ" అంది. ముందు పళ్ళు రెండింటి మీదా అడ్డంగా తుప్పు చార.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట వరసనంతా తనిఖీ లేకుండానే లోపలికి పంపించాను. నా కూతురని గోడ వారకు పంపలేదు, చూశారా, అంత న్యాయమూర్తిని నేను. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మా ఆవిడ మీద ఎగిరాను, పిల్లకు బెల్లం పెట్టి పళ్ళు పాడుచేసిందని. తర్వాత పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఇటుక పొడి బొటనవేలికి అద్దుకుని నేనే తోమాను. అది గిలగిలా తన్నుకుంది. రెండో రోజూ తోమాను. మూడో రోజు చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చింది. పిల్ల ఏడుపుకు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా చేతిలోని డబ్బా లాక్కుని బయటికి విసిరేసింది.

"బడిలో పిల్లోళ్ళకు గూడా ఇట్లనే నెత్తురొస్తాండెనా?" అని అడిగింది.

నాలుగేళ్ళ పైన రోజూ గోడకు నిలబెట్టిన పిల్ల పెదవి, ఆ పేజీ మీది బొట్టు కళ్ళ ముందు కనిపించాయి. ఆ మరునాడే సెలవు పెట్టి, ముగ్గురం పులివెందులకు వచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కాం.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వీధిలో ఒక మిద్దె మీద పళ్ళ డాక్టరు ఉండేవాడు. మద్రాసులో చదివి వచ్చాడు. కాలితో తొక్కితే తిరిగే మర ఒకటి, వెనక్కి వాలే కుర్చీ ఒకటి, గాజు పెట్టెలో నవ్వుతున్న కట్టుడు పళ్ళు. మా అమ్మాయి ఆ పెట్టెను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. డాక్టరు పిల్లను దగ్గరికి తీసుకుని, కుర్చీ కూడా ఎక్కించకుండా, కిటికీ వెలుగులో నోరు చూశాడు.

"ఏ ఊరు?" అన్నాడు.

"జమ్మలమడుగండీ" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మీది గాదు అయ్యవారూ. ఈ పాప యాడ పెరిగింది? ఏ నీళ్ళు తాగుతాంది?"

ఊరు చెప్పాను. లోతు బావి అని చెప్పాను. బావి గురించి ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. నీళ్ళు చాలా బాగుంటాయని కూడా చెప్పాను.

"బాగుంటాయి. తియ్యగుంటాయి. ఆ పక్కనుంచి వచ్చే పిల్లోళ్ళందరికీ ఇదే మచ్చ. ఆ నీళ్ళలో ఫ్లోరైడనేది ఎక్కువుంటాది. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఈ మచ్చ పడిపోతాది. ఇది మురికి గాదు, తోమితే పోనీకి."

"మరి పాలపళ్ళు తెల్లగా వచ్చాయే?"

"అవి శానా మటుకు తల్లి కడుపులోనే తయారయిపోతాయి. వాటికి అంతగా తగల్దు. ఆ నీళ్ళు తాగి పెరిగినాక వచ్చే పండ్లకే తగుల్తాది."

"ఎంత తోమితే పోతుంది?" అని అడిగాను. ఇంత విన్నాక కూడా.

"మీరు బతికినన్నాళ్ళు తోమినా పోదు. పన్ను అరిగిపోతాది, అంతే. దేంతో తోమినారు?"

నేను తల వంచుకున్నాను. మా ఆవిడ చెప్పింది, "ఇటుక పొడితో" అని. డాక్టరు నా వైపు తిరిగి, "మీరు గూడా దాంతోనేనా? ఏదీ, ఈ అనండి" అన్నాడు.

నేను అన్నాను. నా జీవితంలో ఎవరైనా నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. పుల్లలాంటి పరికరం ఒకటి తీసుకుని నా చిగుళ్ళు అక్కడా ఇక్కడా పొడిచాడు. ప్రాణం పోయినంత పనైంది. నెత్తురు చూపించాడు.

"పాప పండ్లు చూడనీకే బాగలేవు గాని గట్టివి. తొందరగా పుచ్చవు. మీవి చూడనీకి బాగుండాయి. చిగుర్లు అరగదీసుకున్నారు, వేర్లు బయట పడినాయి. పదేండ్లుంటే గొప్ప."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్న తీరు చూస్తే ఏడుపు కాదని తెలిసింది.

ఆయన చెప్పింది చాలా కొంచెమే. పుల్ల మెత్తగా నమిలి, ఒత్తకుండా తోమండి. పొడి వాడితే వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడకూడదు. తిన్నాక పుక్కిలించండి, పడుకోబోయే ముందు మరీ. ఇంకా పండ్లు రాని పసిపిల్లలకు మాత్రం ఆ బావి నీళ్ళు తాపొద్దు, వంకలో చెలమ తవ్వి ఆ నీళ్ళో, వాన నీళ్ళో పట్టి తాపండి. వచ్చేసిన మచ్చకు మాత్రం తన దగ్గర మందు లేదన్నాడు. అది చెప్పేటప్పుడు మా అమ్మాయి తల నిమిరాడు.

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. ఏడేళ్ళ పైన. రోజుకు ఎందరు పిల్లలు. నీళ్ళు తాగిన పాపానికి ఎండలో నిలబెట్టి, లేని మురికిని నెత్తురొచ్చేలా తోమించాను. వాళ్ళ తండ్రితాతలను కూడా కలిపి తిట్టాను. నా పళ్ళు తెల్లగా ఉండడంలో నేను చేసిందేమీ లేదు, పెన్న ఒడ్డున పుట్టడం తప్ప. అంత సిగ్గు నేను ముందూ పడలేదు, తర్వాతా పడలేదు.

మరునాడు పిల్లలు మామూలుగా వరసలో నిలబడ్డారు. నేను రాత్రంతా కూర్చుకున్న ప్రసంగం మొదలుపెట్టాను. తప్పు నాది, మీ పళ్ళు శుభ్రమైనవే, ఇక ముందు ఈ బడిలో పళ్ళ తనిఖీ ఉండదు అని. చెప్పడం అయ్యాక పిల్లలు చాలాసేపు నా వైపే చూశారు. చివరికి పళ్ళ లీడరు చెయ్యెత్తి, "అయితే ఈ పొద్దు సెలవా సామీ?" అన్నాడు. కాదన్నాను. అందరి ముఖాలూ వాడిపోయాయి. తనిఖీ రద్దయినందుకు నాకు అర్థమైనంతలో ఎవరూ సంతోషించలేదు, ఆ సమయంలో ఇక లెక్కలు చెబుతానని తెలిసి. గోతిలో ఇటుక పొడి పోసి పూడ్చేటప్పుడు మాత్రం అందరూ ఉత్సాహంగా మట్టి తోశారు.

కానీ నేను క్షమాపణ చెప్పవలసిన పిల్ల ఆ వరసలో లేదు. సాయంత్రం మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఊరి చివరికి వెళ్ళాను. ఆ పిల్ల ఇంటి ముందు చాప మీద కూర్చుని బుడ్డలు ఒలుస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది, చెయ్యి నోటి మీదికి పోయింది. వాళ్ళ నాన్న మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. డాక్టరు చెప్పిందంతా ఆయనకు చెప్పాను. "నువ్వన్నదే నిజమప్పా. నేను విననందుకు తప్పు నాది" అన్నాను.

ఆ పిల్ల నా మాటలు వింటున్నట్టు లేదు. మా అమ్మాయి నోటి వైపే చూస్తోంది. కాసేపు చూసి, చేతి వెనక నుంచి అడిగింది.

"అయ్యవారూ, ఈ పాపను గూడా గోడకాడ నిలబెడ్తాండారా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నిలబెట్టలేదని చెప్పాలి. ఎందుకు నిలబెట్టలేదో కూడా చెప్పాలి. మా అమ్మాయే చెప్పింది.

"లేదక్కా. నాయన నన్ను ఇంట్లోనే తోమినాడు. నెత్తురొచ్చింది. నీకు గూడా వచ్చిందా?"

ఆ పిల్ల తల ఊపింది. మా అమ్మాయిని చాప మీద కూర్చోబెట్టుకుని, ఒలిచిన గింజలు పిడికెడు దాని ఒళ్ళో పోసింది. ఇద్దరూ నా గురించి మరిచిపోయారు. వాళ్ళ నాన్న అప్పుడు మాట్లాడాడు. "కూర్చో సామీ, నీళ్ళు తాగుదువు" అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఆ నీళ్ళే ఉండాయి మరి" అన్నాడు. నేను కూర్చుని ఆ నీళ్ళే తాగాను.

తర్వాతి సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. పాఠం చదవమంటే పుస్తకం ముక్కు దాకా ఎత్తి చదివింది. దించమని నేను అనలేదు. అది అక్కడికి ఎక్కడానికి కారణం నేనే కదా. ఐదో తరగతి పాసయ్యేదాకా అలాగే చదివింది. అప్పటికి మా రెండోవాడు పుట్టాడు. వాడి కోసం నేను వంకలో చెలమ తవ్వి, పొద్దున్నే కావడితో నీళ్ళు మోసేవాణ్ణి. బాగుండే నీళ్ళు వదిలిపెట్టి అయ్యవారికి ఇదేం పిచ్చి అని ఊరంతా నవ్వింది. కావడి మోయడం అలవాటు లేక సగం నీళ్ళు నా పంచె మీదే పడేవి. నవ్వనివాడు ఆ పిల్ల తండ్రి ఒక్కడే. కొన్నాళ్ళకు ఆయన కూడా కడవ పట్టుకుని నా వెనక రావడం మొదలుపెట్టాడు. ఆయన ఇంట్లో కూడా చంటివాడు ఉన్నాడు.

ఆ తర్వాత నాకు బదిలీలు అయ్యాయి. డాక్టరు పదేళ్ళన్నాడు గానీ నా పళ్ళు అన్నాళ్ళు కూడా ఆగలేదు. కింది వరస కదిలింది, పై వరసలో ముందు పళ్ళు మూడు రాలిపోయాయి. అన్నీ పోయాక ఒకేసారి కట్టించుకుందామని ఏడెనిమిదేళ్ళు ఊరుకున్నాను. ఆ మధ్యకాలంలో నేను మాట్లాడితే గాలి ఎక్కువ, మాట తక్కువ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం చూస్తున్నాను. ఒకామె ఎదురుగా వచ్చి నిలబడి, "బాగుండారా అయ్యవారూ?" అంది. నోటికి చెయ్యి అడ్డం. ఆ చెయ్యి చూసి గుర్తుపట్టాను. నేనూ నా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "బాగున్నానమ్మా, నువ్వు?" అన్నాను. జమ్మలమడుగు పక్కన ఊళ్ళో ఇచ్చారట. పుట్టింటికి వచ్చి తిరిగి పోతోందట. ఇద్దరం చేతులు అడ్డం పెట్టుకుని యోగక్షేమాలు మాట్లాడుకుంటున్నాం. పక్కన సోడాలమ్మే మనిషి మా ఇద్దరినీ వింతగా చూశాడు.

ఆమె కొంగు పట్టుకుని ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఉంది. ఆమె ఆ పిల్లను ముందుకు లాగి, "అయ్యవారికి నీ పండ్లు చూపీ" అంది.

ఆ పిల్ల "ఈ" అంది. తెల్లటి కొత్త పళ్ళు.

"పెన్నలో చెలమ నీళ్ళే తాపినా. పుట్టింటికి వచ్చినా కడవలో ఎత్తుకొనే వస్తా. మా నాయన చెప్పినాడు, మీరు చెప్పినారని" అంది.

నేను ఉండబట్టలేక నవ్వేశాను. చెయ్యి జారింది. ఆమె నా నోరు చూసింది. కళ్ళు పెద్దవి చేసింది.

"అయ్యవారూ! మీ పండ్లు యాడికి పాయ?"

"ఇటుక పొడి తినేసిందమ్మా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ఒకటో తరగతిలో పలక కింద పడితే నవ్వినట్టు, కూతురు వింతగా చూస్తున్నా ఆపుకోలేక నవ్వింది. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కూతురి భుజం పట్టుకుంది. నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు ఇంకో చెయ్యి లేదు, ఉన్నా గుర్తులేదు. ముందు పళ్ళు రెండూ అదే ముదురు గోధుమరంగు. ఎండలో అన్నీ కనిపించాయి. ఆమె నవ్వు ఆగేదాకా నేను నా నోరు మూసుకోలేదు.